ఒంటి చేత్తో బొమ్మకారు
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 అనగానే మన సభల్లో నకారా తీర్పు గురించి మాట్లాడుకోవడం ఆనవాయితీ. 1982లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆ తీర్పు గురించి నాకంటె బాగా చెప్పగలవారు ఈ వేదిక మీదే నలుగురున్నారు. ఆ బరువు వారికి అప్పగించి, కార్యదర్శిగారి అనుమతితో నేనొక చిన్న విషయం మనవి చేస్తాను. మన మనుమలు ఆడుకునే రిమోటు కార్ల గురించి, అందులోనూ చేతిలో పట్టుకునే ట్రాన్స్‌మిటర్ గురించి. నవ్వేవారు నవ్వవచ్చు. చేతులు సరిగా ఆడనివారు మాత్రం కాస్త చెవి ఒగ్గి వినవలసిందని కోరుతున్నాను.

ముందుగా ఒక తేడా తెలుసుకోవాలి. తిరునాళ్ళలో అమ్మే రిమోటు కారుకు బటన్లుంటాయి. నొక్కితే చక్రం పూర్తిగా తిరుగుతుంది, వదిలితే నిటారవుతుంది, మధ్యస్తం లేదు. ఇంకో రకం కార్లున్నాయి, హాబీ కార్లంటారు. వాటిలో మీరు కొంచెం కదిలిస్తే చక్రం కొంచెమే తిరుగుతుంది, ఎక్కువ కదిలిస్తే ఎక్కువ తిరుగుతుంది. వాటి లోపల రిసీవరు, చక్రాలు తిప్పే సర్వో మోటారు, వేగం చూసే స్పీడు కంట్రోలరు దేనికదిగా ఉంటాయి, మన ఆఫీసులో సెక్షన్లలాగ. కాబట్టి ట్రాన్స్‌మిటరూ రిసీవరూ జతగా మార్చుకుంటే మిగతా కారు జోలికి పోనక్కరలేదు. నేను చెప్పబోయేదంతా ఈ రెండో రకానికే వర్తిస్తుంది. కొన్ని కార్లలో రిసీవరూ స్పీడు కంట్రోలరూ ఒకే బోర్డు మీద కలిపి వస్తాయి. అలాంటిదయితే రెండూ తీసి విడివిడిగా కొని పెట్టుకోవాలి, ఖర్చు పెరుగుతుంది. కొనేముందే పై మూత తీయించి చూడండి.

ఇక ట్రాన్స్‌మిటర్లు. ఇప్పుడు కారుతోపాటు ఎక్కువగా వచ్చేది పిస్తోలు రకం. ఒక చేత్తో పిడి పట్టుకుని చూపుడువేలితో ట్రిగ్గరు లాగాలి, అది వేగం. రెండో చేత్తో పక్కనున్న చిన్న చక్రం తిప్పాలి, అది దిశ. అంతకుముందు వాడకంలో ఉన్నది పుల్లల రకం, స్టిక్ ట్రాన్స్‌మిటర్ అంటారు. పెట్టె మీద రెండు పుల్లలు నిలబడి ఉంటాయి. ఎడమ పుల్ల పైకీ కిందికీ, అది వేగం. కుడి పుల్ల అటూ ఇటూ, అది దిశ. 1980ల దాకా ఇదే మామూలు, ఆ పైన చక్రం రకం ముందుకొచ్చింది. అయినా పుల్లలు పోలేదు. జపానువారి టమియా ఫైన్ స్పెక్ పేరుతో, జర్మనీవారి కార్సన్ రిఫ్లెక్స్ స్టిక్ పేరుతో 2.4 గిగాహెర్ట్జ్ సెట్లు కూడా ఈ రకంలో తెచ్చారు.

చక్రం మంచిదా, పుల్ల మంచిదా అని కుర్రవాళ్ళు వాదించుకుంటారు. నా దృష్టిలో అది వాదన కాదు, చేతిని బట్టి తేల్చుకోవలసిన సంగతి. పిస్తోలు రకానికి రెండు చేతులూ తప్పనిసరి, పైగా ఒక చెయ్యి బరువు మోస్తూనే పని చెయ్యాలి. పుల్లల పెట్టెను ఒళ్ళో పెట్టుకోవచ్చు, బల్ల మీద పెట్టుకోవచ్చు, మెడకు తాడుతో తగిలించుకోవచ్చు. వేళ్ళు చేసే పని కదిలించడమే.

ఇది నాకు ఎందుకు పట్టిందో చెబుతాను. మా వీధిలో ఒక మిత్రులున్నారు, నాతోపాటు ముప్ఫై ఏళ్ళు సర్వీసు చేసినవారు. పక్షవాతం వచ్చి తగ్గింది కాని ఎడమ చేయి నిలవలేదు. దసరా సెలవులకు హైదరాబాదు నుంచి మనుమడు వచ్చాడు, కారు తెచ్చాడు. తాతగారు ఉత్సాహంగా చెయ్యి చాపారు. వాడు, "తాతయ్యా, నువ్వు పట్టుకోలేవులే, చూస్తూండు" అన్నాడు. తొమ్మిదేళ్ళవాడు, మనసులో ఏమీ లేదు. మర్నాటి నుంచి ఆయన అరుగు మీదికి రావడం మానేశారు. అడిగితే ఎండగా ఉందన్నారు. ఎండ లేదు.

ఒక చేత్తోనే కారు నడిపే దారి ఏదన్నా ఉందా అని నేను అక్కడి నుంచి వెతకడం మొదలుపెట్టాను. దారి ఉంది. ఏరోప్లేను బొమ్మలకు వాడే పుల్లల సెట్టులో ఉంది.

ఏరోప్లేను సెట్టులో ఒక్కొక్క పుల్లా రెండు దిశల్లోనూ కదులుతుంది: నిలువుగా, అడ్డంగా. అంటే రెండు పుల్లలకు నాలుగు కదలికలు, ఒక్కొక్కటి ఒక ఛానలు. ఈ నాలుగింటిలో మూడింటికి స్ప్రింగు ఉంటుంది. వేలు తీస్తే పుల్ల నడిమికి వస్తుంది. నాలుగోది విమానం ఇంజను వేగానిది, దానికి స్ప్రింగు ఉండదు, ఎక్కడ వదిలితే అక్కడే ఆగుతుంది. విమానం గాలిలో ఒకే వేగంతో పోవాలి గనుక దానికది సబబే. కారుకు పనికిరాదు. కారులో నడుమ స్థానమంటే ఆగడం. చెయ్యి జారితే కారు తనంతట తాను ఆగాలి.

ఆ స్ప్రింగు లేని కదలిక ఎక్కడుందన్నదాన్ని బట్టి సెట్లకు మోడ్ 1, మోడ్ 2 అని పేర్లు. మోడ్ 2లో అది ఎడమ పుల్ల నిలువు కదలిక. మోడ్ 1లో కుడి పుల్ల నిలువు కదలిక. కొనేటప్పుడు అడగవలసిన ముఖ్యమైన ప్రశ్న ఇదే. కుడి చెయ్యి మాత్రమే ఆడేవారు మోడ్ 2 తీసుకుంటే కుడి పుల్లకు రెండు వైపులా స్ప్రింగు ఉంటుంది, పెట్టె విప్పే పని లేదు. ఎడమ చెయ్యి మాత్రమే ఆడేవారికి అదే లెక్కన మోడ్ 1. రెండు చేతులూ బాగుండి, పాత పద్ధతిలో ఎడమ పుల్ల వేగానికి, కుడి పుల్ల దిశకు కావాలన్నా మోడ్ 1 సరిగ్గా సరిపోతుంది. షాపువాడికి ఇవన్నీ తెలియకపోవచ్చు. సెట్టు చేతిలోకి తీసుకుని పుల్లలను మీరే కదిలించి చూడండి, ఏది నడిమికి రావడం లేదో అరనిమిషంలో తెలిసిపోతుంది.

మా మిత్రుని కోసం ఫ్లైస్కై ఎఫ్‌ఎస్-ఐ6 అనే ఆరు ఛానళ్ళ సెట్టు మోడ్ 2లో తెప్పించాం. గోడ గడియారంలో వేసే పెన్సిల్ సెల్సు నాలుగు చాలు. ఇందులో కుడి పుల్ల అడ్డం కదలిక ఒకటో ఛానలు, నిలువు కదలిక రెండో ఛానలు. రిసీవరులో సర్వో తీగను ఒకటిలోనూ, స్పీడు కంట్రోలరు తీగను రెండులోనూ గుచ్చాం. విమానం వాళ్ళయితే ఇంజను తీగ మూడులో పెడతారు, మనం పెట్టకూడదు. రిసీవరుకు కరెంటు స్పీడు కంట్రోలరు నుంచే వస్తుంది, వేరే బ్యాటరీ అక్కరలేదు. ట్రాన్స్‌మిటర్‌నూ రిసీవర్‌నూ ఒకసారి ఒకదానికొకటి పరిచయం చెయ్యాలి, దాన్ని బైండింగ్ అంటారు. సెట్టుతో వచ్చిన కాగితంలో ఉంటుంది. ఇంతే. మరమ్మతు ఏమీ లేదు, ఎక్కడ ఏ తీగ అన్నదే.

మొదటిరోజు కారు గేటు దాకా వెళ్ళి తులసికోటను గుద్దింది. మూడో రోజుకు గేటు దాకా వెళ్ళి తిరిగి వచ్చింది. నాలుగో రోజు నేను వెళ్ళేసరికి తాతామనుమలు వంతుల దగ్గర పోట్లాడుకుంటున్నారు. "తాతయ్యా, నీ పది నిమిషాలూ అయిపోయాయి" అని వాడు, "నీ గడియారం తప్పు" అని ఈయన. చెయ్యి బాగుపడిందని కాదు సుమండీ. డాక్టరుగారు చెప్పిన వ్యాయామం వేరు, అది చెయ్యవలసిందే.

ఇప్పుడు పెట్టె విప్పవలసిన సందర్భం. మన సభ్యులలో ఒక ఫ్యామిలీ పెన్షనరు సోదరి ఉన్నారు. కుడి మణికట్టు విరిగి అతికింది కాని వేళ్ళు బిగుసుకుపోయాయి. ఆమెకు ఎడమ చేతి సెట్టు కావాలి. మోడ్ 1 దొరకలేదు, మోడ్ 2 దొరికింది. అందుచేత కుడి పుల్ల నిలువు స్ప్రింగును ఎడమ పుల్లకు బదిలీ చేశాం. బదిలీ ఉత్తర్వులు లేకుండా జరిగిన బదిలీ అదొక్కటే నా సర్వీసులో!

చేసే విధానం ఇది. ముందు సెల్సు తీసెయ్యాలి. వెనక మూత నాలుగు మరలు విప్పి మెల్లగా ఎత్తాలి. మూతకు తీగలుంటాయి, చటుక్కున లాగరాదు. లోపల ఏదీ ముట్టుకోకముందే సెల్‌ఫోనుతో ఫొటో తీసుకోండి. కుడి పుల్ల దగ్గర ఒక చిన్న ప్లాస్టిక్ మీట, దాన్ని లాగిపట్టే సన్న స్ప్రింగు కనిపిస్తాయి. నిలువు కదలికకు చెందినది ఏదో పుల్ల కదిలించి చూసి గుర్తుపట్టాలి. ఎడమ పుల్ల దగ్గర స్ప్రింగు బదులు ఒక రేకు పట్టీ పళ్ళను ఒరుసుకుంటూ ఉంటుంది, టిక్కుటిక్కుమనే చప్పుడు దానిదే. రేకు విప్పి కుడి వైపుకు, మీటా స్ప్రింగూ ఎడమ వైపుకు మార్చాలి. స్ప్రింగు తీసేటప్పుడు రెండో చేయి అడ్డుపెట్టండి, పని అంతా అంచున్న పళ్ళెంలో చెయ్యండి. ఎగిరి మంచం కిందికి పోతే వెతకడానికి మన నడుములు సహకరించవు. కళ్ళద్దాలు, మంచి వెలుతురు ముఖ్యం. అన్ని మరలూ బిగించే పని మనుమలకు ఇవ్వండి, వాళ్ళకదే సరదా.

మూత పెట్టాక సిస్టమ్ మెనూలో స్టిక్స్ మోడ్ అనేచోట మోడ్ 1 ఎంచుకోవాలి. ఆ తర్వాత ఎడమ పుల్ల నిలువు కదలిక రెండో ఛానలు అవుతుంది, అడ్డం కదలిక నాలుగో ఛానలు. స్పీడు కంట్రోలరు తీగ రెండులో, సర్వో తీగ నాలుగులో. ఈ సెట్టులో ఏ మార్పు చేసినా క్యాన్సిల్ బటన్‌ను కాసేపు నొక్కి పట్టుకుంటేనే భద్రపడుతుంది. క్యాన్సిల్ అంటే రద్దు అని మనం సర్వీసంతా నేర్చుకున్నాం, ఇక్కడ అది సంతకం. ఇంకొకటి: సెట్టు ఆన్ చేసేటప్పుడు మీటలన్నీ పైకి, స్ప్రింగు లేని పుల్ల పూర్తిగా కిందికి ఉండాలి. లేకపోతే హెచ్చరిక చూపి ముందుకు సాగదు. మన మిత్రులకైతే అది ఎడమ పుల్ల, సోదరికైతే కుడి పుల్ల. ఒకసారి కిందికి పెట్టి మరిచిపోవచ్చు.

చెయ్యి వణికేవారికి మూడు సదుపాయాలున్నాయి. పుల్ల చివర మర తిప్పి పొడుగు పెంచుకోవచ్చు. పొడుగైన పుల్ల కొసను ఎక్కువ దూరం కదిపితేగాని కారు స్పందించదు, కాబట్టి చిన్న వణుకు లెక్కలోకి రాదు. బొటనవేలితో నెట్టడం కాక, చూపుడువేలితో కలిపి చిటికెడు పసుపు పట్టుకున్నట్టు పట్టుకోండి. ఇక ఎక్స్‌పొనెన్షియల్ అనే సెట్టింగు ఉంది. అది నడుమ భాగంలో స్పందనను మెత్తబరుస్తుంది, అంచుల దగ్గర పూర్తిగా ఇస్తుంది. ఒకే పుల్లతో వేగం, దిశ రెండూ నడిపేటప్పుడు వేలు కొంచెం పక్కకు పోయి కారు వంకరపోవడం సహజం. దిశ ఛానలుకు ఇది పెడితే ఆ బాధ చాలావరకు తగ్గుతుంది.

వేగం సంగతి. ఎండ్ పాయింట్స్ అనే మెనూలో వేగం ఛానలును రెండు వైపులా నలభై శాతానికి దించండి. స్పీడు కంట్రోలరుకు నడుమ స్థానం నేర్పడం అయ్యాకే దించాలి. ఎవరేమన్నా మొదటి నెల పెంచవద్దు. హాబీ కారు కిలోకు పైనే బరువుంటుంది, పూర్తి వేగంతో వచ్చి చీలమండకు తగిలితే మళ్ళీ మెడికల్ రీయింబర్స్‌మెంటు ఫైలు తెరవాలి. వెనక్కి లాగితే చాలా కార్లలో ముందు బ్రేకు పడుతుంది, వదిలి మళ్ళీ లాగితేనే రివర్సు. చెడిపోయిందని కంగారుపడకండి.

ఫెయిల్‌సేఫ్ మాత్రం మరువరాదు. సంకేతం తెగిపోతే కారు ఏం చెయ్యాలో ముందే చెప్పి ఉంచడం. వేగం ఛానలుకు నడుమ స్థానం పెట్టి, చక్రాలు పైకెత్తి పట్టుకుని నెమ్మదిగా తిప్పుతూ, పక్కవారిచేత ట్రాన్స్‌మిటర్ ఆపించి చూడండి. చక్రాలు ఆగితే సరి. రోజూ వరుస ఇది: ముందు ట్రాన్స్‌మిటర్ ఆన్, తర్వాత కారు. ఆపేటప్పుడు ముందు కారు, తర్వాత ట్రాన్స్‌మిటర్. లైసెన్సు కావాలా అని ఒకరు అడిగారు. 2.4 గిగాహెర్ట్జ్ తక్కువ శక్తి పరికరాలకు మన దేశంలో 2005లోనే మినహాయింపు వచ్చింది, కావలసింది ఖాళీ జాగా.

ఆ సోదరి సంగతి చెప్పలేదు కదూ. ఆమె వాకిట్లో చుక్కలు పెట్టి, చుక్కకూ చుక్కకూ మధ్య నుంచి ఎడమ చేత్తో కారు పోనిస్తారు. పిండి చెదరకూడదని పందెం. మా కాలనీ పిల్లలలో ఆమెను గెలిచినవాడు ఇంకా లేడు.

చూడదలచినవారు భోజనాలయ్యాక వెనక వరండాలోకి రండి. కారు, రెండు సెట్లు తెచ్చాను. బ్యాటరీ ఒక్కటే ఉంది, ఇరవై నిమిషాలకు మించి రాదు, కాబట్టి పిల్లల కంటె ముందుగా మీరు రావడం మంచిది.