కదలని డీజిల్ ఇంజినును పరీక్షించు క్రమము

(సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతముల రైతులకై చేసిన ఉపన్యాసము)



నేను యంత్రవిద్య నేర్చినవాడను గాను. రెవిన్యూ శాఖలో కాగితములను తెలుగు చేయుట నా వృత్తి. ట్రాక్టరుతోపాటు వచ్చు పుస్తకము పెక్కు ఇండ్లలో పెట్టె యడుగున పడియుండును. అట్టి పుస్తకములందలి ముఖ్యవిషయములను మీకు మన భాషలో మనవి చేయ నుద్దేశించితిని.

1967వ సంవత్సరమున నాగార్జునసాగరపు కాలువలకు నీరు విడిచినది మొదలు మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతములందు వరిసాగు మిక్కిలి విస్తరిల్లినది. నేడు దమ్ముచేయుటకును, ధాన్యమును మిల్లులకు చేర్చుటకును, మట్టియు పెంటయు నెత్తుటకును ట్రాక్టరును చిన్న లోడరును మనకు ఆధారములు. ధాన్యము కల్లమున నుండగా, ఆకాశము మబ్బుపట్టిన సాయంకాలమున ఇంజిను కదలకున్నచో కలుగు నష్టము మీకు నేను చెప్పనక్కరలేదు. ఆ తొందరలో కారణ మరయక పంపు విప్పించుటవలన ఖర్చు పెరుగుట తప్ప ఫలము లేదు. కావున మొదట లక్షణమును చూడవలెను. పిమ్మటనే పనిముట్టు పట్టవలెను.

డీజిల్ ఇంజినునకు నిప్పురవ్వ యక్కరలేదు. జర్మనీదేశీయుడగు రుడాల్ఫ్ డీజిల్ 1897లో ఔగ్స్‌బర్గ్ నగరమున నడిపి చూపిన యంత్రమునందువలెనే, గాలిని గట్టిగా నొత్తుటచే పుట్టు వేడికే నూనె మండును. అందుచే ఇంజినునకు మూడే కావలెను: వేగముగా త్రిప్పు బలము, శుభ్రమైన డీజిల్, చాలినంత గాలి. తాళము త్రిప్పినప్పుడు కనబడు గుర్తును బట్టి ఈ మూడింటిలో ఏది కొరవడినదో తెలిసికొనవచ్చును.

మొదటి లక్షణము: ఇంజిను తిరుగకుండుట

తాళము త్రిప్పగా "టక్కు"మని యూరకుండుట గాని, మెల్లగా మూల్గుచు తిరుగుట గాని జరిగినచో దోషము బ్యాటరీవైపున నుండును. ముందు దీపములు వెలిగించి తాళము త్రిప్పుడు. వెలుగు మిక్కిలి తగ్గినచో బ్యాటరీ బలహీనమైనది, లేదా తీగల కొనలు పట్టు తప్పినవి. వెలుగు తగ్గక, చప్పుడును లేనిచో స్టార్టరునకు విద్యుత్తు చేరుట లేదు. అప్పుడు ఫ్యూజును, గేరు న్యూట్రల్‌లో నున్నదో లేదో, క్లచ్చి పూర్తిగా త్రొక్కబడినదో లేదో చూడవలెను.

12 వోల్టుల బ్యాటరీ నిండుగా నున్నచో, ఇంజిను నిలిపిన కొన్ని గంటలకు సుమారు 12.6 వోల్టులు చూపును. 12కు దిగినచో శక్తి చాలవరకు ఉడిగినదని యెరుంగుడు. కొనలయందు తెల్లని లేక పచ్చని బూజు పేరుకొన్నచో ముందు ఋణపు తీగను, తరువాత ధనపు తీగను ఊడదీసి, సోడా కలిపిన నీటితో కడిగి, ఆరిన పిమ్మట గట్టిగా బిగింపవలెను. సెల్ఫును ఒక్కమారు పది పదునైదు సెకనులకు మించి త్రిప్పరాదు. నడుమ రెండు నిమిషములైన ఆగవలెను. లేనిచో స్టార్టరు కాలిపోవును.

చిన్న లోడరు గలవారికొక మాట. తోలువాడు ఆసనమున కూర్చుండి, ఒడిమీది అడ్డకడ్డీని దించిననే గాని పెక్కు లోడర్లు కదలవు. అది రోగము కాదు, రక్షణ. తీగ ముక్కతో దానిని తప్పింపరాదు; ఎత్తుచేతుల క్రింద నలిగి మనుష్యులు మరణించుట గలదు.

రెండవ లక్షణము: చురుకుగా తిరిగియు పొగ రాకుండుట

ఇట్లయినచో సిలిండరునకు డీజిల్ చేరుట లేదు. ట్యాంకులో నూనె యున్నదా? కుళాయి తెరచియున్నదా? ఇంజిను నాపు పుల్ల లాగినది లాగినట్లే యున్నదా? ట్యాంకు మూతయందలి గాలిరంధ్రము మూసికొనిపోయినదా? ఈ నాల్గును చూడకముందు ఏ మరయును విప్పకుడు.

ఇవి సరిగా నున్నచో ఫిల్టరు అడుగున నీరు, మడ్డి చేరినవేమో చూచి తీసివేయుడు. ట్యాంకు ఒక్కసారి ఖాళీయైనను, ఫిల్టరు మార్చినను గొట్టములలో గాలి చేరును. దీనినే మన మెకానిక్కులు "ఎయిర్ పట్టిన"దందురు. ట్యాంకు నింపి, ఫిల్టరుపైని గాలిమరను రెండు చుట్లు వదులుచేసి, ఫీడ్ పంపు చేతిమీటను ఆడింపుడు. మొదట నురుగు వచ్చును. బుడగలు లేని ధార వచ్చునప్పుడే, ధార కారుచుండగానే మర బిగింపుడు. పిమ్మట పెద్దపంపుమీది మరకును ఇట్లే చేయుడు.

నాజిళ్లకు పోవు గొట్టములయందు ఒత్తిడి మిక్కుటము. ఆ ధార చర్మమును చీల్చి లోనికి దూరును. గాయము సూదిపోటంత కనబడినను తక్షణమే ఆసుపత్రికి పోవలెను. 2023 జనవరి 1 నుండి 50 అశ్వశక్తికి మించిన ట్రాక్టర్లకు పొగ నిబంధనలు కఠినమైనవి. అట్టి క్రొత్త యంత్రములు పెక్కింటిలో కామన్ రెయిల్ పద్ధతి గలదు. వానియందు ఈ గొట్టములను రైతు ముట్టనే కూడదు.

మూడవ లక్షణము: పొగ వచ్చియు అంటుకొనకుండుట

తెల్లపొగ మండని డీజిల్‌కు గుర్తు. చలిచేతను, మెల్లగా తిరుగుటచేతను, హీటరు ప్లగ్గు చెడుటచేతను, లోని బిగువు తగ్గుటచేతను ఇట్లగును. నల్లపొగ గాలి చాలమికి గుర్తు. కోతల కాలమున గడ్డిధూళి ఎయిర్ ఫిల్టరును మూసివేయును గనుక దానిని తరచుగా శుభ్రపరుపవలెను. బిగువు తగ్గిన యింజిను వర్కుషాపునకే పోవలెను.

గాలిగొట్టమున పెట్రోలు పోయుట, మండు పేలికను చూపుట ప్రమాదకరములు. ఇంజిను బ్రద్దలగుటయే గాక, ప్రక్కనున్న గడ్డివామియు అంటుకొనవచ్చును.

నీట మునిగిన ఇంజిను

2024 సెప్టెంబరు 1వ తేదీనాటి కుంభవృష్టికి కోదాడ పట్టణము జలమయమైనది. నడిగూడెం మండలమున సాగర్ ఎడమకాలువకు గండి పడినది. అట్టి వరద తీసిన మరునాడు యజమాని చేయగల మిక్కిలి ఖరీదైన పని యేదనగా, మునిగిన యింజినుకు తాళము పెట్టి త్రిప్పుట. గాలి యొత్తిన నణగును, నీరు అణగదు. సిలిండరులో నీరుండగా త్రిప్పినచో కనెక్టింగు రాడ్డు వంగిపోవును. కావున ముందు బ్యాటరీ తీగ ఊడదీయుడు. ఇంజిను ఆయిలు పాలవలె తెల్లబారినదేమో చూడుడు. మెకానిక్కును పిలిపించి, నాజిళ్లు తీయించి, చేతితో త్రిప్పించి నీరు వెడలగొట్టింపుడు. ఆయిలును, డీజిలును, ఫిల్టర్లను మార్పించిన పిమ్మటనే తాళము ముట్టుడు. రెండు దినములు పోయినను ఇంజిను దక్కును.

రోగము రాకముందు

సాయంకాలమున పని ముగియగనే ట్యాంకు నింపుడు; ఖాళీస్థలమున రాత్రి చలికి తేమ చేరి నీరగును. డీజిల్‌ను జింకుపూత డబ్బాలలో నిలువ చేయకుడు. ఒక ఫిల్టరును ఇంట నదనముగా నుంచుకొనుడు. ఆయిలు, ఫిల్టరు మార్చిన తేదీలను పహాణీని భద్రపరచినట్లు ఒక చిన్న పుస్తకమున వ్రాసి యుంచుడు. మెకానిక్కు వచ్చినప్పుడు ఏ లక్షణము కనబడినదో, మీరేమేమి చూచితిరో వరుసగా చెప్పుడు. అందుచే అతని కాలమును, మీ ధనమును మిగులును.

ఈ కాగితమును ట్రాక్టరు పనిముట్ల పెట్టెలో నుంచుడు. తోలువానికి చదువు రానిచో ఒకసారి చదివి వినిపింపుడు.