విషాన్ని తినే బ్యాక్టీరియా ఎక్కడ పనిచెయ్యాలి?

(పాలకొల్లులో రైతుల శిక్షణా తరగతిలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈవేళ మనం డ్రైన్ల గురించి మాట్లాడుకుందాం. కాలువ చేలోకి నీళ్లు తెస్తుంది, డ్రైను చేలో నీళ్లు తీసుకుపోతుంది. ఈ రెండూ సరిగ్గా ఉంటేనే డెల్టా. యనమదుర్రు, గొంతేరు, గోస్తనీ లాంటి డ్రైన్లలో ఇప్పుడు వాననీటితోపాటు ఊళ్ల మురుగూ, ఫ్యాక్టరీల వ్యర్థజలాలూ, రొయ్యల చెరువుల నీళ్లూ పోతున్నాయి. దాళ్వాలో శివారు భూములకు కాలువ నీరు అందకపోతే ఇంజన్లు పెట్టి ఈ డ్రైన్ల నీళ్లే తోడుకుంటున్నాం. చెరువులకూ అవే పెడుతున్నాం. పశువులూ అవే తాగుతున్నాయి.

కాలుష్యం మాట ఎత్తితే ఈ మధ్య ఒక జవాబు వినబడుతోంది. "డ్రైనులో బ్యాక్టీరియా చల్లితే చాలు, విషాన్ని అదే తినేస్తుంది" అంటున్నారు. ఇందులో నిజమెంతో, మోసమెంతో మనం తేల్చుకోవాలి.

ముందు నిజం చెప్పుకుందాం. బ్యాక్టీరియా విషాన్ని తినగలదు. పెంటకుప్పను గత్తంగా మార్చేది సూక్ష్మజీవులేనని మనకు తెలుసు. పురుగుమందుల విషయంలోనూ ఇది రుజువైంది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థలో పనిచేసిన మన దేశ శాస్త్రవేత్త సేతునాథన్, ఆయన సహచరుడు యోషిదా, డయాజినాన్ వాడిన వరిమడి నీళ్లలో నుంచి ఒక బ్యాక్టీరియాను వేరుచేశారు. అది డయాజినాన్‌నూ, పారాథియాన్‌నూ కూడా విడగొట్టగలదని 1973లో ప్రకటించారు. ఒకే మందు మళ్లీ మళ్లీ కొడితే, దాన్ని తినే బ్యాక్టీరియా ఆ మడిలో పెరుగుతుంది. మందు పనితనం తగ్గడానికి అదీ ఒక కారణమే.

బీహెచ్‌సీ పొడి పెద్దవాళ్లందరికీ గుర్తుంటుంది. 1997లో మన దేశంలో దాన్ని నిషేధించారు. అది నేలలో ఏళ్ల తరబడి ఉండిపోయే విషం. కటక్‌లోని కేంద్ర వరి పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు, ఈ మందు వాడిన చెరకు మొక్కల వేళ్ల దగ్గరి మట్టిలో దాన్ని తినే బ్యాక్టీరియాను కనుక్కుని 1990లో వివరాలు ప్రచురించారు. కాబట్టి ఈ శాస్త్రం పుట్టింది మనలాంటి రైతుల చేలల్లోనే.

అయితే ఈ బ్యాక్టీరియాకు కావలసినవి కొన్ని ఉన్నాయి. మేత, గాలి, తగిన వేడి, అన్నిటికన్నా ముఖ్యంగా సమయం. 1989లో అమెరికాలోని అలాస్కా తీరంలో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ నుంచి ముడిచమురు ఒలికినప్పుడు, ఒడ్డున నత్రజని, భాస్వరం ఎరువులు చల్లారు. చమురును తినే బ్యాక్టీరియా అక్కడ ముందే ఉంది. దానికి తక్కువైన పోషకాలు అందించారు, అంతే. మన దేశంలో టెరి సంస్థ 'ఆయిల్‌జాపర్' పేరుతో చమురు మడ్డిని తినే బ్యాక్టీరియా మిశ్రమం తయారుచేసింది. దాన్ని వాడేటప్పుడు మడ్డిని ఒకచోట చేర్చి, మట్టితో కలిపి, దున్నుతూ, తడుపుతూ నెలల తరబడి కనిపెట్టుకుని ఉంటారు. మన చుట్టుపక్కల చమురు, గ్యాస్ బావులున్నాయి కాబట్టి ఈ సంగతి మనకు తెలిసి ఉండాలి. బావి దగ్గర చమురు మడ్డి పొలంలో పడితే, పైన మట్టి కప్పి వెళ్లిపోవడాన్ని శుద్ధి అనరు.

ఇప్పుడు డ్రైను సంగతి చూద్దాం. చక్కెర మిల్లు, డిస్టిలరీ, పాల డెయిరీ, రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటు వదిలే నీళ్లలో ఎక్కువ భాగం కుళ్లే పదార్థమే. బ్యాక్టీరియాకు అది విందు భోజనం. కానీ తినేటప్పుడు అది నీళ్లలోని ఆక్సిజన్ వాడుకుంటుంది. రాత్రివేళ ఏరియేటర్ ఆగితే రొయ్యలకు ఏమవుతుందో చెరువులున్నవాళ్లకు చెప్పనక్కర్లేదు. శుద్ధి చెయ్యని నీళ్లు డ్రైనులో పడితే జరిగేదీ అదే. బ్యాక్టీరియా ఆక్సిజన్ మొత్తం లాగేస్తుంది, చేపలు తేలిపోతాయి, నీళ్లు నల్లబడి కంపు కొడతాయి. ఆ డ్రైనులో బ్యాక్టీరియా లేక కాదు, గాలి లేక ఈ గతి పట్టింది. అందులో ఇంకో నాలుగు బస్తాల బ్యాక్టీరియా పోస్తే ఆక్సిజన్ ఎక్కడినుంచి వస్తుంది? పైగా డ్రైను నీళ్లు నిలకడగా ఉండవు. వాన కురిస్తే అన్నీ కొట్టుకుపోతాయి. సముద్రం పోటు మీద ఉంటే ఉప్పునీరు ఎదురెక్కుతుంది.

అదే పని ఫ్యాక్టరీ ఆవరణలో, ట్యాంకులో చక్కగా జరుగుతుంది. 1914లో ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో ఆర్డెన్, లాకెట్ అనే ఇద్దరు ఈ పద్ధతి చూపించారు. మురుగులోకి గాలి ఊది, అడుగున దిగిన బ్యాక్టీరియా మడ్డిని మళ్లీ కొత్త మురుగులో కలపడమే ఆ పద్ధతి. నూరేళ్లు దాటినా లోకమంతా ఇదే వాడుతోంది. కాబట్టి శుద్ధికి దారి లేదని ఎవరన్నా మనం ఒప్పుకోవద్దు. దారి ఉంది. దానికి కరెంటు ఖర్చవుతుంది. బ్లోయర్లు ఆపేస్తే ట్యాంకులో బ్యాక్టీరియా ఊపిరాడక చచ్చిపోతుంది. ఆ కరెంటు బిల్లు మిగుల్చుకుంటే, దాని నష్టం మన చేల మీదా, చెరువుల మీదా పడుతుంది.

బ్యాక్టీరియాకు చేతకానివీ ఉన్నాయి. సీసం, పాదరసం, క్రోమియం లాంటి లోహాలను అది మాయం చెయ్యలేదు. మహా అయితే రూపం మారుస్తుంది, లోహం మట్టిలోనే ఉంటుంది. ఉప్పునూ అది తినదు. మందుల ఫ్యాక్టరీల నీళ్ల దగ్గర ఇంకో ప్రమాదం ఉంది. హైదరాబాదు దగ్గర పటాన్‌చెరులో అనేక కంపెనీల నీళ్లు కలిపి శుద్ధిచేసే ఉమ్మడి కేంద్రం ఉంది. అది శుద్ధిచేసి వదిలిన నీళ్లలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ప్రచురించారు. అది బ్యాక్టీరియాను చంపే మందు. అంత మందులోనూ బతికిన బ్యాక్టీరియా ఆ మందుకు లొంగదు. రేపు మన పిల్లలకు జబ్బు చేస్తే అదే మందు పనిచెయ్యకపోవచ్చు. అందుకే మన చెరువుల్లో కూడా యాంటీబయాటిక్స్ వాడకూడదని, చెరువు నీళ్లు నిలవగట్టి తేర్చిన తరవాతే డ్రైనులోకి వదలాలని సంఘం చెబుతోంది. ఒకరిని అడగాలంటే మన వైపు లెక్క సరిగ్గా ఉండాలి.

మిత్రులారా, ఈ డ్రైన్లు ఎవరి డబ్బుతో బాగుపడ్డాయో కూడా గుర్తుంచుకోవాలి. 1968లో కృష్ణా, గోదావరి డెల్టా ప్రాంత డ్రెయినేజీ సెస్సు చట్టం తెచ్చి, డ్రైన్ల పనుల కోసం రైతుల భూమి మీద సెస్సు వేశారు. చేలో మునక నీరు దిగడానికి కట్టిన డబ్బది. ఫ్యాక్టరీల మురుగు మొయ్యడానికి కాదు.

చట్టం మన వైపే ఉంది. 1974 నీటి కాలుష్య నివారణ చట్టం నదులకే కాదు, మనుషులు తవ్విన జలమార్గాలకూ వర్తిస్తుంది. ఏ ఫ్యాక్టరీ అయినా కాలుష్య నియంత్రణ మండలి అనుమతితో, అది పెట్టిన షరతుల ప్రకారమే నీళ్లు వదలాలి. ఆ షరతుల రిజిస్టరు మండలి దగ్గర ఉండాలి. 25వ సెక్షన్ ప్రకారం, ఆ నీళ్లవల్ల నష్టపోయేవారెవరైనా వెళ్లి దాన్ని చూడవచ్చు. నదుల్లో, కాలువల్లో వదిలే నీళ్లకు దేశమంతటికీ పెట్టిన సాధారణ ప్రమాణం బీఓడీ లీటరుకు 30 మిల్లీగ్రాములు, సీఓడీ 250 మిల్లీగ్రాములు మించకూడదని. కుళ్లే సరుకు తినడానికి బ్యాక్టీరియాకు ఎంత ఆక్సిజన్ కావాలో బీఓడీ చెబుతుంది. రసాయనికంగా ఆక్సీకరణం చెందే పదార్థమంతటికీ కావలసిన ఆక్సిజన్ లెక్క సీఓడీ.

అందుకని సంఘం అడుగుతున్నవి ఇవి. శుద్ధి ఫ్యాక్టరీ గోడ లోపలే జరగాలి. శుద్ధి ప్లాంటుకు విడిగా కరెంటు మీటరు ఉండాలి, ఆ లెక్కలు బయటపెట్టాలి. డ్రైనులో బ్యాక్టీరియా చల్లే పనికి ప్రజాధనం ఖర్చుచేసే ముందు ఏ విషం ఉందో పరీక్షించి చెప్పాలి, తరవాత ఎంత తగ్గిందో చూపాలి. పూడికా, గుర్రపుడెక్కా తీయించాలి, లేకపోతే నీళ్లకు గాలే తగలదు.

గ్రామ కమిటీలు ఈ నెల నుంచే ఒక పుస్తకం పెట్టండి. నీళ్ల రంగు మారినా, చేపలు తేలినా, కంపు వచ్చినా తేదీ, వేళ, చోటు రాయండి, ఫొటో తీయండి. రాత్రిపూట వదులుతున్నారా, వాన పడ్డప్పుడు వదులుతున్నారా అన్నది మూడు నెలల్లో ఆ పుస్తకమే చెబుతుంది. దాన్ని పట్టుకుని అందరం కలిసి మండలి కార్యాలయానికి వెళ్లి రిజిస్టరు చూపమని అడుగుదాం. కౌలు రైతులనూ, చేపలు పట్టుకుని బతికేవాళ్లనూ వెంట తీసుకెళదాం. నష్టం ముందు తగిలేది వాళ్లకే.