పనితనం ఉమ్మడి, నీళ్లూ ఉమ్మడే

ఒకే రకం పరిశ్రమలు ఒకచోట చేరితే ఆ ప్రాంతం బాగుపడుతుందని 1890లో ఆల్‌ఫ్రెడ్ మార్షల్ రాశాడు. వందేళ్ల తర్వాత మైకేల్ పోర్టర్ చేతుల్లో ఆ ఆలోచన క్లస్టర్ అన్న పేరుతో ప్రభుత్వ విధానాల్లోకి ఎక్కింది. బాగుపడటం నిజమే. ఎన్నాళ్లు, ఎవరి ఖర్చు మీద అన్నదే తేలాల్సిన విషయం. క్లస్టర్‌ను నిలబెట్టేది ఏ ఒక్క కంపెనీకీ చెందని ఉమ్మడి ఆస్తి. పనితనం అందులో భాగమైనట్టే నది కూడా భాగమే. మొదటిదాన్ని పంచుకుని రెండోదాన్ని గాలికొదిలేసిన చోట అభివృద్ధి నిలవదని నా వాదన. సిలికాన్ వ్యాలీ మనవాళ్లకు కొట్టినపిండి కాబట్టి, అంతగా తెలియని, అమెరికాలోని జార్జియా రాష్ట్రపు డాల్టన్ పట్టణాన్ని తీసుకుంటున్నాను.

1895లో డాల్టన్ ప్రాంతంలో కేథరిన్ ఎవాన్స్ అనే అమ్మాయి పెళ్లి కానుకగా ఒక దుప్పటి కుట్టింది. గుడ్డ మీద లావు నూలుతో కుట్లు వేసి, పైకి తేలిన దారాన్ని కత్తిరించి, వేడినీళ్లలో ఉతికితే గుడ్డ ముడుచుకుని దారపు కొసల్ని గట్టిగా పట్టేస్తుంది. ఆరాక ఆ కొసలు కుచ్చులుగా విచ్చుకుంటాయి. 1900లో అలాంటి దుప్పటిని రెండున్నర డాలర్లకు అమ్మింది. గిరాకీ పెరిగేకొద్దీ చుట్టుపక్కల ఆడవాళ్లకు పని నేర్పింది. తర్వాత్తర్వాత వ్యాపారులు డిజైను అచ్చువేసిన గుడ్డనూ నూలునూ పల్లెల్లో ఇంటింటికీ చేరవేసి, కుట్టిన దుప్పట్లు తెచ్చుకుని, దుప్పటికి ఇంతని కూలి ఇచ్చేవారు. పోచంపల్లి మాస్టర్ వీవర్ల పద్ధతి తెలిసినవారికి ఇది కొత్త కాదు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత అదే కుట్టును వందల సూదులతో వేసే వెడల్పాటి యంత్రాలు, ఆపైన నైలాన్ వచ్చాయి. దుప్పట్ల ఊరు కార్పెట్ల ఊరయింది. అద్దకం ఒకరు, నూలు ఒకరు, అడుగు పూత ఒకరు, యంత్రాల మరమ్మతు మరొకరు చూసుకునేసరికి, కొత్తగా మిల్లు పెట్టేవారికి పెట్టుబడి భారం తగ్గింది. ఇవాళ అమెరికాలో తయారయ్యే కార్పెట్లలో అత్యధిక భాగం ఈ ప్రాంతానిదే. పాల్ క్రుగ్‌మన్ 1991 నాటి ‘జాగ్రఫీ అండ్ ట్రేడ్’లో చెప్పింది ఈ కథే.

ఆ కథకు రెండో సగం నీటిలో ఉంది. కార్పెట్‌కు మరక అంటకుండా మిల్లులు వాడిన పీఫాస్ రసాయనాలు ప్రకృతిలో దాదాపు విచ్ఛిన్నం కావు. మిల్లుల మురుగు పట్టణపు ఉమ్మడి శుద్ధి వ్యవస్థకు పోయేది. శుద్ధయిన నీటిని కానసాగ నది పక్కన వేల ఎకరాల్లో స్ప్రింక్లర్లతో చల్లేవారు. ఆ శుద్ధికి పీఫాస్‌ను తొలగించే శక్తి లేదు. కానసాగ దిగువన ఊస్టనౌలా అవుతుంది, రోమ్ నగరం దగ్గర కూసా అయి అలబామాలోకి పోతుంది. అలబామాలోని గాడ్స్‌డెన్ తాగునీటి సంస్థ 2016లో, రోమ్ నగరం 2019లో కోర్టుకెక్కాయి. 2024లో అమెరికా పర్యావరణ సంస్థ ఈ కోవలోని రెండు ప్రధాన రసాయనాలకు తాగునీటిలో పెట్టిన పరిమితి లక్ష కోట్ల భాగాల్లో 4 భాగాలు. అంత సూక్ష్మమైన విషాన్ని వడగట్టుకునే భారం దిగువ ఊళ్ల మీద పడింది.

నిబంధనలు పాటించామని, రసాయనాలు అమ్మినవారి మాట నమ్మామని మిల్లులు అంటాయి. ఆ మాటను తోసిపుచ్చకుండానే ఒకటి అడగాలి. ఒంటరి మిల్లుకు పరీక్షించే స్తోమత లేకపోవచ్చు. కానీ డాల్టన్‌లో 1945 నుంచే ఉత్పత్తిదారుల సంఘం ఉంది. పన్నులూ ప్రమాణాలూ వచ్చినప్పుడు కలిసి మాట్లాడగలిగినవారు కలిసి ఒక స్వతంత్ర ప్రయోగశాలను పోషించలేరా? చెదురుమదురుగా ఉన్న ఫ్యాక్టరీలకు లేని వీలు క్లస్టర్‌కు ఉన్నది ఇక్కడే.

కట్టడి పెరిగితే పరిశ్రమ వేరే చోటికి తరలిపోతుందన్నది మరో అభ్యంతరం. అది ఉత్తుత్తి భయం కాదు. అమెరికాలో ఉత్తరాది మిల్లులు దెబ్బతిన్నది దక్షిణాది చవక కూలి వల్ల కూడా. అయితే వేళ్లూనుకున్న పరిశ్రమ తనతోపాటు పనివాళ్లనూ సరఫరాదారులనూ మూటగట్టుకుపోలేదు. స్వచ్ఛంద హామీల సంగతీ చూశాం. పాత కార్పెట్లను రీసైకిల్ చేయడానికి 2002లో డాల్టన్ కేంద్రంగా ‘కేర్’ సంస్థ పుట్టింది. 2012కల్లా 40 శాతం చెత్తకుప్పలకు పోకుండా ఆపాలన్న లక్ష్యానికి చాలా దూరంలో ఆగిపోయింది. 2010లో కాలిఫోర్నియా చట్టం చేసి, చదరపు గజానికి 5 సెంట్ల రుసుముతో మొదలుపెట్టాక ఆ రాష్ట్రంలో రీసైక్లింగ్‌కు నికరమైన నిధి ఏర్పడింది. సంఘానికి వెన్నెముక చట్టమే. ఇక ఒకే పరిశ్రమను నమ్ముకుంటే మునిగిపోతారన్న మాట 2008 గృహ సంక్షోభంలో డాల్టన్‌లో రుజువైంది. 2019లో అక్కడే సోలార్ ప్యానెళ్ల ఫ్యాక్టరీ మొదలవడం సరైన దిశ.

మన పటాన్‌చెరులోనూ ఔషధ కంపెనీలకు ఉమ్మడి శుద్ధి కేంద్రం ఉండేది. అక్కడ శుద్ధి చేసి వదిలిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ప్రచురించారు. ఏం వస్తోందో తెలుసుకోని ఉమ్మడి ప్లాంటు విషాన్ని పోగుచేసి దిగువకు పంపుతుంది, అంతే. అందుకే క్లస్టర్ పాలకవర్గంలో దిగువ ఊళ్ల ప్రతినిధికి ఓటు హక్కుతో కుర్చీ ఉండాలంటాను. అమెరికాలో స్థిరపడి సొంత జిల్లాల్లో పెట్టుబడి పెట్టదలచిన తెలుగువారికి నా విన్నపం ఇదే. భూమి ధర, విద్యుత్ రాయితీ అడిగే ముందు, నీటిని ఎవరు పరీక్షిస్తారో, ఫలితాలు ఎవరికి చూపిస్తారో, దిగువ గ్రామం నుంచి కమిటీలో ఎవరున్నారో అడగండి. జవాబు రాతపూర్వకంగా వచ్చాకే సంతకం పెట్టండి.