గీత దాటే ముందు



విమాన ప్రమాదం అనగానే జనం తలెత్తి ఆకాశం వైపు చూస్తారు. కానీ విమానయాన చరిత్రలో అత్యధిక ప్రాణాలు తీసిన ప్రమాదం నేల మీదే జరిగింది. 1977 మార్చి 27న, స్పెయిన్‌కు చెందిన టెనెరిఫే దీవిలో, లాస్ రోడియోస్ విమానాశ్రయంలో రెండు బోయింగ్ 747లు ఢీకొని 583 మంది చనిపోయారు. పాన్ యామ్ విమానం దట్టమైన పొగమంచులో రన్‌వే మీదే మెల్లగా నడుస్తూ బయటికి దారి వెతుక్కుంటోంది. మూడో మలుపులో తిరగమన్నారు, అది దాటి ముందుకొచ్చేసింది. ఎదుటి కొస నుంచి కేఎల్ఎం విమానం అనుమతి రాకుండానే టేకాఫ్ పరుగు అందుకుంది. ఆ కాక్‌పిట్‌లో ఒక్కడికి మాత్రం అనుమానం తగిలింది. పాన్ యామ్ ఇంకా రన్‌వే మీదే ఉందేమోనని ఫ్లైట్ ఇంజనీరు అడిగాడు. తప్పుకుందని కెప్టెన్ తేల్చి చెప్పాడు. పరుగు ఆగలేదు.

గేటుకూ రన్‌వేకూ మధ్య విమానం సొంత చక్రాల మీద నడిచే ఆ కాసేపటినే టాక్సీయింగ్ అంటారు. ప్రయాణికుడికి అది బెల్టు బిగించుకుని, ‘బయల్దేరుతున్నాం’ అని ఇంటికి కబురు పెట్టే సమయం. కాక్‌పిట్‌లో మాత్రం చేతినిండా పని. పెద్ద విమానాల్లో కెప్టెన్ ఎడమ చేతి పక్కనున్న చిన్న చక్రం తిప్పుతూ ముక్కు చక్రాన్ని మళ్లిస్తుంటాడు. కుడి సీటులోని ఫస్ట్ ఆఫీసర్ రేడియో వింటాడు, జవాబిస్తాడు, చెక్‌లిస్టు చదువుతాడు, మారిన లెక్కలు కంప్యూటర్‌లో ఎక్కిస్తాడు. అద్దం అవతల టాక్సీవే అంచున నీలి దీపాలు, నడిమధ్య ఆకుపచ్చ దీపాలు. రద్దీ విమానాశ్రయంలో రాత్రిపూట ఏ మలుపు చూసినా పక్క మలుపులాగే ఉంటుంది.

ఆ దీపాల మధ్య అసలు హద్దు నాలుగు పసుపు గీతలు. రెండు నిండుగా, రెండు ముక్కలు ముక్కలుగా ఉంటాయి. నిండు గీతలు విమానం వైపు ఉన్నాయంటే అవతల రన్‌వే ఉన్నట్టు. అనుమతి లేకుండా దాటకూడదు. పక్కనే ఎర్ర బోర్డు మీద తెల్ల అంకెలు. అవి రన్‌వే దిక్కును చెబుతాయి: 4 అంటే దిక్సూచిలో సుమారు 40 డిగ్రీలు, 31 అంటే 310. ఇదంతా శిక్షణలో తొలి రోజుల్లో నేర్పే పాఠమే.

2023 జనవరి 13 రాత్రి, న్యూయార్క్ జేఎఫ్‌కే విమానాశ్రయంలో ఆ పాఠమే తప్పింది. లండన్ వెళ్లాల్సిన అమెరికన్ ఎయిర్‌లైన్స్ బోయింగ్ 777ను 31 ఎడమ రన్‌వే దాటమన్నారు. సరేనని పైలట్లు జవాబిచ్చారు. తీరా విమానం వేరే టాక్సీవే పట్టుకుని 4 ఎడమ రన్‌వేకి అడ్డంగా వెళ్లింది. సరిగ్గా అప్పుడే ఆ రన్‌వే మీద డెల్టా 737 టేకాఫ్ పరుగులో ఉంది. అందులో 145 మంది ప్రయాణికులు, ఆరుగురు సిబ్బంది. నేల మీది కదలికలను కనిపెట్టే రాడార్ వ్యవస్థ అలారం మోగించింది. టేకాఫ్ రద్దంటూ కంట్రోల్ టవర్ నుంచి కేక. డెల్టా పైలట్లు బ్రేకులు తొక్కారు. అమెరికన్ విమానం దాటిన చోటికి దాదాపు 1,000 అడుగుల ఇవతల 737 ఆగింది.

777 కాక్‌పిట్‌లో ఉన్నది ముగ్గురు పైలట్లు. వేరే పనులు, మధ్యలో అంతరాయాలు దృష్టి మళ్లించడంతో తామెక్కడున్నామో వాళ్లకు పట్టు తప్పిందని అమెరికా రవాణా భద్రతా బోర్డు దర్యాప్తులో తేల్చింది.

న్యూయార్క్‌లో యంత్రం కాపాడింది. ఇటలీలోని మిలాన్ లినాటే విమానాశ్రయంలో 2001 అక్టోబర్ 8న ఆ ఆసరా లేదు. నేల రాడార్ పనిచేయడం లేదు. పొగమంచులో ఒక చిన్న సెస్నా జెట్ తప్పుడు టాక్సీవే పట్టి, టేకాఫ్ అవుతున్న ఎస్ఏఎస్ విమానం ముందుకొచ్చింది. 118 మంది పోయారు.

అమెరికాలోని డెట్రాయిట్ కథ వేరు. 1990 డిసెంబర్ 3, మళ్లీ పొగమంచే. నార్త్‌వెస్ట్ డీసీ-9 కెప్టెన్ అనారోగ్యంతో ఏళ్ల తరబడి సెలవులో ఉండి, అప్పుడప్పుడే డ్యూటీకి తిరిగొచ్చాడు. పక్కన మాజీ వైమానిక దళ పైలట్, మాటలో ధీమా ఎక్కువ. దారి తనకు తెలుసన్నట్టు చెబుతుంటే కెప్టెన్ నమ్మి నడిపాడు. ఎవరు నాయకుడో, ఎవరు సహాయకుడో తారుమారైందని దర్యాప్తు నివేదిక రాసింది. దారి తప్పామని తెలిశాక కూడా వెంటనే ఆగి చెప్పలేదు. రన్‌వే మీదున్నామని టవర్‌కు చెప్పేసరికే మరో నార్త్‌వెస్ట్ విమానం పరుగెత్తుకొస్తోంది. ఎనిమిది మంది చనిపోయారు.

2006 ఆగస్టు 27, అమెరికాలోనే కెంటకీ రాష్ట్రంలోని లెక్సింగ్టన్. ఇంకా తెల్లవారలేదు. కామ్‌ఎయిర్ పైలట్లు టాక్సీలో ఉండగా నిబంధనకు విరుద్ధంగా వేరే కబుర్లు చెప్పుకున్నారు. 7,000 అడుగుల రన్‌వేకి బదులు 3,500 అడుగుల రన్‌వే ఎక్కారు. దీపాలు లేకపోవడం వింతగా ఉందని ఫస్ట్ ఆఫీసర్ అన్నాడు. కెప్టెన్ ఔనన్నాడు. ఇద్దరూ చూశారు, ఇద్దరూ ఆగలేదు. 50 మందిలో బతికింది ఆ ఫస్ట్ ఆఫీసర్ ఒక్కడే.

ప్రమాదాల తర్వాత కొత్త నిబంధనలు వచ్చాయి. టెనెరిఫే తర్వాత, అసలు అనుమతి ఇచ్చేటప్పుడు, దాన్ని రద్దు చేసేటప్పుడు తప్ప రేడియోలో ‘టేకాఫ్’ అన్న మాట వాడకుండా జాగ్రత్తపడుతున్నారు. 2010 నుంచి అమెరికాలో అడ్డొచ్చే ప్రతి రన్‌వేకీ విడిగా అనుమతి ఇవ్వాల్సిందే. అయినా పొరపాట్లు ఆగలేదు. మన దగ్గర, టెనెరిఫే జరిగిన తేదీనే, 2024 మార్చి 27న కోల్‌కతాలో టాక్సీ చేస్తున్న ఇండిగో విమానం రెక్క, రన్‌వే ఎక్కేందుకు ఎదురుచూస్తున్న ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ రెక్కకు తగిలింది. అదృష్టం బాగుండి రెక్కల కొసలతో పోయింది. ఇండిగో పైలట్లిద్దరినీ పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ విధుల నుంచి తప్పించింది.

వైమానిక రంగంలో అడుగుపెడుతున్న పట్టభద్రులారా! టెనెరిఫేలో ఇంజనీరుకు, డెట్రాయిట్‌లో కెప్టెన్‌కు, లెక్సింగ్టన్‌లో ఇద్దరికీ ఏదో తేడాగా ఉందని తోచింది. అలా తోచినా బ్రేకు పడలేదు, అంతే. రేపు మీలో కొందరు కుడి సీటులో కూర్చుంటారు. పక్కనున్న కెప్టెన్‌కు ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నా, వెనక పది విమానాలు వరుసకట్టినా, బోర్డు మీది అంకె అర్థం కాకపోతే ‘సార్, ఒక్క నిమిషం ఆపుదాం’ అనండి. కొన్నాళ్లకు మీరే ఎడమ సీటుకు మారతారు. అప్పుడు పక్కనుంచి ఎవరైనా అదే మాటంటే విసుక్కోకండి. ముందు విమానం ఆపండి, తర్వాత టవర్‌ను అడగండి. టవర్‌లో కూర్చునేవారు అలా అడిగిన పైలట్‌ను కసరకుండా దారి చెప్పండి.