లేవగనే కూలు కంప్యూటరు



కంప్యూటరు పట్టణవాసుల వస్తువని మనము తలంచిన కాలము గడచిపోయినది. స్వర్ణముఖీనది సముద్రమును చేరబోవు మా వాకాడు ప్రాంతమునందును నేడు పద్దులు, పత్రములు, అర్జీలు చాలవరకు ఆ యంత్రము ద్వారానే నడచుచున్నవి. మా యింటను ఒకటి కలదు. ఒకనాటి ఉదయము అది లేవలేదు. దానిని తిరిగి లేపుటలో నేను నేర్చుకొనిన సంగతులను నేడు మీకు విన్నవింపదలచితిని. నేను యంత్రవిద్య చదివినవాడను కాను. కనుక నాకు అర్థమైన సంగతి మీకును సులభముగా అర్థమగునని నమ్ముచున్నాను.

మా తీరమున రొయ్యల చెరువులు మెండు. నేనును, మరి పదునారుగురు రైతులును కలసి మేతకు, మందులకు, కరెంటుకు ఉమ్మడిగా ఖర్చుపెట్టుచుందుము. ఎవరెంత ఇచ్చిరి, ఎవరికెంత రావలెను అను లెక్క వ్రాయు భారము నాది. ఆరేండ్ల లెక్క అంతయు ఆ యంత్రమునందే యుండెను. దానికి కాగితముపై నకలు లేదు. మరియొక చోట ప్రతియు లేదు. రొయ్యలు పట్టి అమ్మిన సొమ్ము చేతికి వచ్చి, మరి మూడు దినములలో పంపకము జరుగవలసి యుండగా ఈ యాపద వచ్చిపడెను. పద్దు పోయినయెడల పోవునది సొమ్ము మాత్రమే కాదు. పదిమందిలో మాట పోవును.

ఆనాడు మీట నొక్కగా తెరపై విండోస్ గుర్తు కనబడెను. దాని క్రింద చుక్కలు గుండ్రముగా తిరిగెను. అంతలో తెర యంతయు నీలివర్ణమై, ఏడుపుమొగము గుర్తుతో కొన్ని ఆంగ్లవాక్యములు కనబడి మాయమయ్యెను. యంత్రము తనంతట తానే ఆరి, మరల వెలిగి, మరల నీలితెర చూపి ఆరిపోయెను. గూడూరులో యంత్రములు బాగుచేయువానికి ఫోను చేసితిని.

“అంతా తుడిచేసి విండోస్ మళ్ళీ వేయాల పెద్దాయనా. సాయంత్రానికి ఇచ్చేస్తాను” అనెను.

“లోపలుండే లెక్కలో?” అని అడిగితిని.

“వాటికి నేను పూచీ పడలేను” అనెను.

వేరు దారి తోచక యంత్రమును దుప్పటిలో చుట్టి బస్సెక్కుటకు సిద్ధమగుచుంటిని. సెలవులకు వచ్చియున్న మా తమ్ముని కుమార్తె, ఇంజినీరింగు చదువుచున్న పిల్ల, అడ్డుపడెను.

“పెదనాయనా, నిన్న రాత్రి దాకా బాగానే ఉండింది గదా. ఈ మధ్యలో దీంట్లో కొత్తగా ఏమన్నా వేసినావా?”

“ఏమీ వేయలేదమ్మా” అంటిని.

ఆ మాట అబద్ధము. ముందటి రాత్రి ఉచితమని కనబడిన ఒక రక్షణ సాఫ్టువేరును దింపి యంత్రములో వేసితిని. అంతకుముందే అందులో అట్టిది ఒకటి యుండనే యున్నది. చిన్నపిల్ల యెదుట నా తెలివితక్కువతనమును ఒప్పుకొనుటకు మనసు రాలేదు. ఆమె మారు మాటాడక, నీలితెర మరల వచ్చినప్పుడు ఫోనుతో ఫోటో తీసి, చివరి పంక్తిలో నున్న ఒక ఫైలు పేరును నాకు చూపెను. ఆ పేరులోని మొదటి అక్షరములు రాత్రి నేను వేసిన సాఫ్టువేరువే. ఇక దాచుటకు ఏమున్నది? ఉన్నది ఉన్నట్లు చెప్పితిని. తినినదానిని దాచి మందడుగు రోగికిని నాకును భేదము లేకపోయెను.

“ఇది చావలేదు పెదనాయనా, జాగ్రత్త పడింది, అంతే” అని ఆమె కారణము వివరించెను. దానిని నేను గ్రహించినంతవరకు చెప్పెదను. విండోస్‌ను ఒక దేవాలయముగా భావింపుడు. మామూలు సాఫ్టువేరు ముఖమండపములో నిలిచి పనిచేయును. అది తప్పు చేసిన అదొక్కటియే పడిపోవును. డ్రైవరులును, రక్షణ సాఫ్టువేరులలోని కొన్ని భాగములును అట్లు గాక గర్భాలయము దాక పోవు అధికారము కలవి. అచ్చట పొరపాటు జరిగినచో, ఇంకను నడచిన దాచిన సమాచారము చెడిపోవచ్చునను జాగ్రత్తతో విండోస్ తానే ఆగిపోవును. ఆ ఆగుటకు గుర్తే నీలితెర. 2025 తరువాతి విండోస్ 11 లో అది నల్లతెరగా మారినది. తప్పుచేయు భాగము యంత్రము లేచునప్పుడే పిలువబడునదైనచో, లేచినప్పుడెల్ల కూలును.

ఇక ఆమె చేసిన చికిత్స. వరుసగా రెండు మూడు మారులు లేవలేకపోయిన యంత్రమునకు విండోస్ మరమ్మతు తెరను చూపును. అందులో ట్రబుల్‌షూట్, తరువాత అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, తరువాత స్టార్టప్ సెట్టింగ్స్ అను మాటలను వరుసగా ఎంచి, రీస్టార్ట్ నొక్కెను. యంత్రము లేచుచు ఒక పట్టిక చూపెను. అందులో 4వ అంకె నొక్కగా సేఫ్ మోడ్ అను స్థితిలో లేచెను. సేఫ్ మోడ్ అనగా పరివారమంతయు లేక, అత్యవసరమైన కొద్దిమంది సేవకులతో మాత్రమే లేచుట. రాత్రి వచ్చిన క్రొత్తవానికి అందులో పిలుపు లేదు. కావున తెర నిలిచినది. నా పద్దులు నా కంటికి కనబడినవి.

నేను సంతోషముతో “ఇక దాన్ని తీసేయమ్మా” అంటిని. ఆమె తీయలేదు. మొదట పద్దులన్నిటిని పెన్‌డ్రైవులోనికి ఎక్కించి, నా చేతికిచ్చి, అటుపిమ్మట చికిత్సకు పూనుకొనెను. ఈ వరుసను మీరు మరువవలదు. ముందు బిడ్డను ఒడ్డున పెట్టి, తరువాత పడవ చిల్లు చూడవలెను.

క్రొత్త సాఫ్టువేరును తీసివేయబోగా అది తొలగిపోలేదు. కొన్ని సాఫ్టువేరులను తొలగించుటకు కావలసిన సేవకుడే సేఫ్ మోడ్‌లో నిద్రించుచుండునట. అప్పుడామె మరల మరమ్మతు తెరకు పోయి సిస్టమ్ రిస్టోర్ అనుదానిని ఎంచెను. యంత్రము నిన్నమొన్నటి తన స్థితిని గుర్తుంచుకొని, అచ్చటికి తిరిగి పోవు వసతి అది. వ్రాసికొన్న పద్దులను, ఫోటోలను అది ముట్టదు. క్రొత్తగా చేరిన సాఫ్టువేరును మాత్రము వెనుకకు త్రిప్పును. అయితే ఆ వసతి ముందుగా తెరచియుంచిన యంత్రములకే అది పనిచేయును. అదృష్టవశమున మా యంత్రమున తెరచియుండెను. అరగంటలో యంత్రము ఎప్పటివలె లేచి కూర్చున్నది.

ఇట్టి పొరపాటు నావంటి పల్లెటూరివానికే కలుగునని సిగ్గుపడుచుండగా, ఆమె ఒక సంగతి చెప్పెను. 2024 జూలై 19వ తేదీన క్రౌడ్‌స్ట్రయిక్ అను అమెరికా దేశపు రక్షణ సాఫ్టువేరు సంస్థ తన ఖాతాదారుల యంత్రములకు ఒక చిన్న ఫైలును పంపెను. మన గడియారమున అప్పుడు ఉదయము 9 గంటల 39 నిమిషములు. ఆ సాఫ్టువేరు 21 అంశములను ఎదురుచూచునట్లు సిద్ధపరుపబడెను. దానికి అందినవి 20 మాత్రమే. ఇరువది విస్తళ్లు వేసిన పంక్తిలో ఇరువదియొకటవ విస్తరికై చేయి చాచినట్లు, లేనిదానిని చదువబోయి గర్భాలయములో తడబడెను. 78 నిమిషములలో సంస్థవారు ఆ ఫైలును ఉపసంహరించుకొనిరి. కాని అప్పటికే లోకమంతటను సుమారు 85 లక్షల యంత్రములు నా యంత్రమువలెనే కూలుటయు లేచుటయు మొదలుపెట్టెను. మన హైదరాబాదు విమానాశ్రయమున ప్రయాణికులకు బోర్డింగు పాసులను చేతితో వ్రాసి ఇచ్చిరి. కలము కాగితము మరచిపోని వారే ఆనాడు పని నడిపిరి.

దానికి చికిత్స ఏమి? యంత్రమును సేఫ్ మోడ్‌లో లేపి, ఆ ఒక్క ఫైలును తుడిచివేయుట. అంతియే. అయినను లేవలేని యంత్రమునకు దూరమునుండి ఆజ్ఞ పంపుట సాధ్యము కాదు గనుక, చాలచోట్ల మనుష్యులు యంత్రము యంత్రము వద్దకు నడచిపోయి చేయవలసి వచ్చెను. పైగా అనేక యంత్రములు బిట్‌లాకర్ అను తాళము గలవి. వానికి 48 అంకెల తాళపు సంఖ్య చెప్పినగాని లోనికి పోనీయవు. ఆ సంఖ్య దొరకక కొందరు మరింత చిక్కుపడిరి.

కావున నా విన్నపము ఇది. క్రొత్త సాఫ్టువేరులను ఒకటి తరువాత ఒకటిగా వేయుడు. వేసిన తేదీని ఒక పుస్తకమున వ్రాసికొనుడు. రక్షణ సాఫ్టువేరు ఒకటి చాలును; రెండు కాపలాదారులు ఒకరినొకరు దొంగ యనుకొందురు. సిస్టమ్ రిస్టోర్ వసతి తెరచియున్నదో లేదో పిల్లలచేత చూపించుకొనుడు. తాళమున్నయెడల ఆ 48 అంకెలను కాగితముపై వ్రాసి పెట్టెలో పెట్టుడు. ముఖ్యమైన పత్రములకు రెండు ప్రతులుంచి, అందొకదానిని మరియొక యింట దాచుడు.

సేఫ్ మోడ్‌లోను కూలు యంత్రములు లేకపోలేదు. అప్పుడు దోషము యంత్రపు అంగములదే కావచ్చును. తుడిచి మరల వేయకతప్పని సందర్భములును కలవు. అట్టి వేళ బాగుచేయువానితో “మొదట నా పత్రములు బయటికి తీయుము, తరువాత తుడువుము” అని నోరు తెరచి చెప్పుడు. అతడు క్రొత్తగా ఏమి వేసితిరని అడిగినప్పుడు నావలె దాచకుడు.

మూడవనాడు పంపకము జరిగినది. పదునేడుగురికిని పద్దు అచ్చువేసి చదివి వినిపించి సంతకములు చేయించితిని. నా యంత్రము కూలిన సంగతిని, నేనాడిన అబద్ధమును కూడ వారికి చెప్పితిని. వారు నవ్విరి. అందొక వృద్ధరైతు మాత్రము నవ్వక, తన కాగితమును నాలుగుమడతలు చేసి జేబులో పెట్టుకొని, “ఇకమీద ప్రతి పట్టుబడికీ ఇట్టా ఒకటి ఇవ్వయ్యా” అనెను. నాటినుండి ఇచ్చుచున్నాను.

సెలవు.