ప్రార్థన అయ్యాక బస్సెక్కించాలి

 

పండుగలాంటి సభలో క్యాన్సర్ ముచ్చటేమిటని అనుకోకండి. మన బ్యాచుల వాట్సాప్ గ్రూపుల్లో పెళ్లి పత్రికల తర్వాత ఎక్కువగా కనబడేవి వైద్యానికి సాయం అడిగే పోస్టులే. మా చర్చి సంఘంలో నేను చూసినంత మట్టుకు చెప్తాను.

ఇది క్రైస్తవులకు కొత్త పని కాదు. 1920లో ఆస్ట్రేలియా నుంచి గుంటూరు వచ్చిన డాక్టర్ మేరీ గ్లౌరీ సన్యాసిని అయ్యీ వైద్యం మానలేదు. 1943లో కాథలిక్ ఆసుపత్రుల సంఘాన్ని స్థాపించారు. చివరికి ఆమెకే క్యాన్సర్ వచ్చింది, 1957లో బెంగుళూరులో కన్నుమూశారు.

ఇక మన నేరేడుచర్ల సంగతి. మా స్త్రీల సమాజం వాళ్లు అన్నం వండే ప్రతిసారీ పిడికెడు బియ్యం పక్కకు తీసిపెట్టి ఆదివారం గుడికి తెస్తారు. ఆ బియ్యం అమ్మిన డబ్బు పెద్దదేం కాదు. కానీ ఆరోగ్యశ్రీ ఆగిపోయే చోట అది అక్కరకొస్తుంది. ఆపరేషన్‌కు, కీమోకు పథకం ఉంది, పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు కూడా. అయితే రేడియేషన్ అంటే చాలామందికి వారానికి ఐదు రోజుల చొప్పున కొన్ని వారాలు. మిషన్ కింద ఉండేది కొద్ది నిమిషాలే, దానికోసం హైదరాబాదులో మకాం పెట్టాలి. తోడు పోయిన మనిషి కూలి ఎవరిస్తారు?

మా సంఘంలో ఒకామెకు రొమ్ము క్యాన్సర్ వచ్చింది. సరిగ్గా నాట్ల కాలం. ఆడవాళ్లు వంతులేసుకున్నారు. మిర్యాలగూడ దాకా బస్సు, అక్కడి నుంచి రైలు, ఆ తర్వాత రెడ్‌హిల్స్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి. "నీ మోకాళ్లతో నువ్వెక్కడ తిరుగుతావే అత్తా" అని వద్దన్నా వినకుండా ఒక ముసలామె కూడా వంతు తీసుకుంది.

మధ్యలో ఎక్కడి నుంచో వచ్చిన ప్రసంగీకుడొకాయన "విశ్వాసం ఉంటే మందులెందుకమ్మా" అన్నాడు. ఆమె ఆసుపత్రి కాగితాలు బీరువాలో పెట్టేసింది. మా పాస్టరు గారు తెల్లారేసరికి ఆ ఇంటికి పోయారు. "సువార్త రాసిన లూకా వైద్యుడే కదమ్మా" అని నచ్చజెప్పి, ప్రార్థన చేసి, తానే బస్సెక్కించారు. చర్చిలో స్వస్థత సాక్ష్యాలకు చప్పట్లు కొడతాం. చికిత్స సగంలో మానేసినవాళ్లు సాక్ష్యం చెప్పడానికి రారు, అది మనం లెక్కలోకి తీసుకోవాలి.

ఇంకోటి. నొప్పి ఓర్చుకోవడం దేవుడు పెట్టిన పరీక్ష అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. డాక్టరు రాసిస్తే మార్ఫిన్ మాత్ర ఉంది. నయం కాదని తేలినవాళ్లకూ నొప్పి తగ్గించే పాలియేటివ్ వైద్యం ఉంది. దానికి తీసుకుపోవడమంటే ఆశ వదులుకోవడం కాదు. రాత్రి పూట నిద్రపోనివ్వడం.

మా వాళ్లు హిందువుల ఇళ్లకు, ముస్లింల ఇళ్లకు కూడా పోతారు. అడిగితేనే అక్కడ ప్రార్థన. అడగకపోతే గిన్నెలు కడిగి, మంచినీళ్లు పట్టి వస్తారు.

హైదరాబాదులో స్థిరపడిన పూర్వ విద్యార్థులకు ఒక మాట. నాంపల్లి చుట్టుపక్కల ఒక గది, ఆరు వారాలకు, పేషెంటుకూ తోడు మనిషికీ. ఇవ్వగలిగినవాళ్లు భోజనాల దగ్గర పెట్టిన పుస్తకంలో పేరు, బ్యాచు రాసి పోండి.