పాత విండోసుకు తిరిగి వెళ్లవచ్చునా?

(తిరువూరు విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కంప్యూటరులో కొత్త విండోసు తీసివేసి పాతది వేయించుకోవచ్చునా అని ఈమధ్య మన సభ్యులు పలువురు నన్ను అడుగుతున్నారు. నేను ఇంజనీరును కాను, గుమాస్తాగా ఫైళ్లు మోసినవాడిని. ఆ అనుభవంతోనే నాలుగు మాటలు మనవి చేస్తాను.

వెనక్కి వెళ్లాలనుకోవడం చాదస్తమేమీ కాదు. 2007లో విండోసు విస్టా వచ్చినప్పుడు అది మరీ బరువుగా ఉందని చాలామంది గోల పెట్టారు. బిజినెస్, అల్టిమేట్ రకాలు కొన్నవారు దాని బదులు 2001 నాటి ఎక్స్‌పీ వేసుకోవడానికి మైక్రోసాఫ్టు వారే అనుమతించారు.

మన తెలుగువారికి మరో కారణం ఉంది. యూనికోడ్ వాడుకలోకి రాకముందు మన డి.టి.పి. పని అను వంటి ఫాంట్లతో, పేజ్‌మేకరులో జరిగేది. పేజ్‌మేకరు చివరి వెర్షను, అంటే 7, వచ్చింది 2001లో. కొత్త విండోసులో ఆ పాత సరంజామా సరిగా నడవక ఎన్నో డి.టి.పి. కేంద్రాలు పాత యంత్రాలనే అట్టిపెట్టుకున్నాయి. మన సంఘం పాత కరపత్రాలు, వినతిపత్రాలు ఆ అక్షరాల్లోనే ఉన్నాయి. ఆ ఫాంటు లేనిచోట తెరిస్తే కనిపించేది పిచ్చిగీతలే.

అయితే వెనక్కి వెళ్లడానికి ఒక పద్ధతి ఉంది. 10 నుంచి 11కు మారినవారు 10 రోజుల లోపల సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో రికవరీ, అందులో గో బ్యాక్ నొక్కితే పాతది తిరిగి వస్తుంది. మన కాగితాలు ఉంటాయి. మారిన తరువాత వేసుకున్న ప్రోగ్రాములు మాత్రం పోతాయి. ఈలోగా విండోస్.ఓల్డ్ అనే ఫోల్డరును చెరిపితే ఆ దారి మూసుకుపోతుంది. గడువు దాటినా, యంత్రం 11తోనే కొత్తగా వచ్చినా, మొదటినుంచి వేయించవలసిందే.

చిక్కంతా అక్కడే. మన సభ్యులొకరు తన యంత్రాన్ని ఒక దుకాణంలో ఇచ్చి వచ్చారు. "పాతది వేసేశాను బాబాయిగారూ" అన్నాడు కుర్రవాడు. నిజమే, వేశాడు. సి డ్రైవులోని ఎరియర్సు లెక్కలు, స్వర్గస్థురాలైన వారి శ్రీమతి ఫోటోలు తుడిచిపెట్టుకుపోయాయి. ఎరియర్సు లెక్క మళ్లీ కట్టుకోవచ్చు.

1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినప్పుడు తాలూకా రికార్డును ఎవరూ పారవేయలేదు. జాబితా రాసి, సంతకం తీసుకుని అప్పగించారు. యంత్రం ఇచ్చేముందు మీరూ చార్జి లిస్టు రాయండి. కాగితాలు, ఫోటోలు వేరే డిస్కులోకి ఎక్కించి, మరో కంప్యూటరులో తెరిచి చూసుకోండి. మీ ప్రింటరుకు, వేలిముద్ర యంత్రానికి ఆ పాత విండోసులో పనిచేసే డ్రైవరు ఉన్నదా అని అడగండి. డిస్కుకు బిట్‌లాకర్ తాళం ఉంటే 48 అంకెల రికవరీ కీ ముందే రాసి ఉంచుకోండి.

ఇక ప్రమాదం సంగతి. 2017 మే నెలలో వాన్నాక్రై అనే వైరస్ ప్రపంచమంతా కంప్యూటర్లకు తాళాలు వేసి డబ్బు అడిగింది. మన రాష్ట్రంలో పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా చిక్కాయి. దానికి విరుగుడు ఆ మార్చిలోనే వచ్చింది. వేసుకోని యంత్రాలు దెబ్బతిన్నాయి. అసలు విరుగుళ్లు పంపడమే ఆపివేసిన విండోసు సంగతి ఆలోచించండి. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తో, విండోసు 7కు 2020 జనవరి 14తో, 10కి 2025 అక్టోబరు 14తో మామూలు గడువులు తీరిపోయాయి.

కనుక నా సలహా ఇది. బ్యాంకు పని, పెన్షను పని, జీవన్ ప్రమాణ్ పని గడువున్న విండోసులోనే చేయండి. పాత తెలుగు కాగితాల కోసం పాత యంత్రాన్ని ఉంచుకోండి, దానికి ఇంటర్నెట్ మాత్రం కలపవద్దు. అందులోని వాటిని ఒక్కొక్కటిగా పి.డి.ఎఫ్.గా మార్చి భద్రపరచండి. సంఘం పాత కాగితాలు మీ దగ్గరుంటే వచ్చే సమావేశానికి పెన్‌డ్రైవులో తీసుకురండి; కూర్చుని మార్చుకుందాం.